కండ ఎంతో చెబుతానన్న కాటా

కొవ్వు తగ్గాలి, కండ మాత్రం పోకూడదు. ఈ ఒక్క అవసరం కోసమే ఈ డిజిటల్ కాటా తెప్పించుకున్నాను. మామూలు కాటా కిలోలు చెబుతుంది గానీ, పోయిన కిలో కొవ్వుదో కండదో చెప్పదు. ఇది చెబుతుందని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. పాదాల కింద నాలుగు లోహపు పలకలు, ఫోనులో ఒక యాప్. ఎక్కి నిలబడితే కొన్ని క్షణాల్లో బరువు, కొవ్వు శాతం, కండరాల బరువు, నీటి శాతం, ఎముకల బరువు, 'శరీర వయసు' వరుసగా వచ్చేస్తాయి.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. బరువు తూచడానికి ఇది చాలా మంచి కాటా. కొవ్వు శాతం నెలల తరబడి ఎటు పోతోందో చూసుకోవడానికి పరవాలేదు. 'కండరాలు' అన్న గడిలోని అంకెను చూసి మాత్రం తిండి గురించి గానీ వ్యాయామం గురించి గానీ ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఈ మూడో మాట కోసమే ఇంత పొడుగు సమీక్ష రాస్తున్నాను.

నేను కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. యాభై దాటాయి. నడుము చుట్టూ కొవ్వు పేరుకుంది, తగ్గించుకొమ్మని డాక్టరు చెప్పారు. తగ్గగలనా అన్న సందేహం నాకు లేదు. ఎలా తగ్గుతాను అన్నదే నా పట్టింపు. మా అమ్మ ఒక జబ్బు తర్వాత బాగా సన్నబడింది. చూసినవాళ్లంతా "బాగా తగ్గారండీ" అని మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఆవిడ కుర్చీ చేతులు పట్టుకోకుండా లేవలేకపోయింది. పోయిన బరువులో తొడల కండ ఎంత ఉందో అప్పుడు అర్థమైంది. తిండి మాత్రమే తగ్గించి సన్నబడినవారిలో, పోయిన బరువులో సుమారు నాలుగో వంతు కొవ్వు కానిదే ఉంటుందని పోషకాహార నిపుణులు చాలాకాలంగా వాడే ఒక మోటు లెక్క ఉంది. మనిషిని బట్టి, తగ్గే వేగాన్ని బట్టి అది మారుతుంది. ఆ నాలుగో వంతును వీలైనంత చిన్నది చేయడమే నా దృష్టిలో డైట్. వయసు పైబడ్డాక పోయిన కండను తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో ఇంట్లోనే చూశాను కనుక ఈ విషయంలో నాకు రాజీ లేదు.

ముందుగా బాగున్నవి. గాజు పలక దృఢంగా ఉంది, తడి పాదాలతో ఎక్కినా జారదు. ఇంట్లో వ్యాయామానికి వాడే పది కిలోల ఇనుప పలకను పట్టుకుని ఒకసారి, లేకుండా ఒకసారి ఎక్కి చూస్తే తేడా పది కిలోలకు అతి దగ్గరగా వచ్చింది. పొద్దునా సాయంత్రం ఎప్పుడు చేసినా అంతే. గట్టి నేల మీద పెట్టాలి, తివాచీ మీద పెడితే తూకం చెడుతుంది. యాప్ వారానికొక సగటు గీత గీస్తుంది. నా మటుకు ఈ కాటాలో అన్నిటికన్నా విలువైనది ఆ గీతే. ఉప్పు వల్ల, నీటి వల్ల, పేగుల్లో ఉన్న ఆహారం వల్ల రోజువారీ బరువు ఒక కిలో దాకా ఊగుతుంది. సగటు ఊగదు.

ఇక కండ సంగతి. ఈ కాటా కండను చూడదు, తూచదు. ఒక పాదం నుంచి మరో పాదానికి అతి బలహీనమైన ఏకాంతర విద్యుత్తును పంపుతుంది. ఆ ప్రవాహం ఒక మిల్లీ ఆంపియరు కన్నా తక్కువ, పౌనఃపున్యం సాధారణంగా 50 కిలోహెర్ట్జ్. దానికి ఒళ్లు ఎంత అవరోధం చూపిందో కొలుస్తుంది. అంటే ఈ యంత్రం నిజంగా కొలిచేవి రెండే, బరువూ అవరోధమూ. తెర మీద కనిపించే మిగతావన్నీ లెక్కగట్టి తేల్చినవి.

ఆ లెక్కకు ఆధారం గట్టిదే. కొవ్వులో నీరు చాలా తక్కువ, కాబట్టి విద్యుత్తు దాని గుండా సులువుగా పోదు. కొవ్వు కాని కణజాలంలో సుమారు 73 శాతం నీరు, అందులో కరిగిన లవణాలు ఉంటాయి, విద్యుత్తు బాగా పారుతుంది. తీగ నిరోధం పొడవుకు అనులోమంగా, అడ్డుకోత వైశాల్యానికి విలోమంగా ఉంటుందని మేం తరగతిలో చెప్పే సూత్రాన్నే ఇక్కడ ఒంటికి వర్తింపజేశారు. ఎత్తు వర్గాన్ని అవరోధంతో భాగిస్తే వచ్చే విలువ ఒంట్లో ఉన్న నీటి పరిమాణానికి అనుగుణంగా మారుతుంది. ఆ నీటి నుంచి కొవ్వు కాని బరువును, దాన్నుంచి కండ బరువును తేలుస్తారు. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో ఊహ కలుస్తుంది. మొదటి మెట్టు బలంగా ఉంటుంది, చివరి మెట్టు చాలా పలచన.

పైగా మనిషి ఒకే మందం ఉన్న తీగ కాదు. పాదం నుంచి పాదానికి పోయే విద్యుత్తు ఒక కాలు ఎక్కి, కటి భాగం దాటి, రెండో కాలు దిగిపోతుంది. ఛాతీ, వీపు, భుజాలు, చేతులు ఆ దారిలో లేనే లేవు. చెరువు గట్టున ఒక మూల కర్ర ముంచి చెరువు మొత్తంలో నీళ్లెన్నో చెప్పడం లాంటిది ఇది. నేను తగ్గించుకోవాలనుకుంటున్నది నడుము దగ్గరి కొవ్వు. యంత్రం నా కాళ్లను పరీక్షించి నడుము గురించి ఊహిస్తోంది.

ఆ ఊహలో నా ఒళ్లెంతో, యాప్‌లో నేను నింపిన వివరాలెంతో తెలుసుకోవాలనిపించింది. అవే పాదాలతో, అదే గంటలో, వయసు ఒక్కటే ఇరవై ఏళ్లు తగ్గించి మళ్లీ ఎక్కాను. బరువు మారలేదు. కొవ్వు శాతం తగ్గింది, కండ పెరిగింది. 'క్రీడాకారులు' అన్న అమరిక నొక్కితే కొవ్వు ఇంకా పడిపోయింది. నా ఒంట్లో ఒక్క గ్రాము కూడా మారకుండానే తెర మీద కిలోల కొద్దీ కండ వచ్చి చేరింది. ఇది ఈ ఒక్క కంపెనీ లోపమేమీ కాదు. ఎత్తు, వయసు, స్త్రీపురుష భేదం సమీకరణంలో భాగం, ఈ రకం కాటాలన్నీ ఇలాగే పనిచేస్తాయి. కొన్నవాళ్లకు ఆ సంగతి పెట్టె మీద చెప్పాలి. చెప్పలేదు.

నీళ్లతో కూడా పరీక్షించి చూశాను. అరలీటరు తాగిన వెంటనే ఎక్కితే బరువు అరకిలో పెరుగుతుంది. ఆ నీళ్లు ఇంకా కడుపులోనే ఉంటాయి, కాళ్లలోకి చేరవు, కాబట్టి అవరోధం దాదాపు మారదు. అవరోధం తగ్గకుండా బరువు పెరిగింది కనుక, పెరిగినదాన్ని యంత్రం కొవ్వు ఖాతాలో రాస్తుంది. రోజంతా నిలబడి పాఠాలు చెప్పి ఇంటికొచ్చాక ఎక్కితే ఫలితం తలకిందులవుతుంది. నిలబడడం వల్ల నీరు కాళ్లలోకి దిగుతుంది, అవరోధం తగ్గుతుంది, కొవ్వు తగ్గి కండ పెరిగినట్టు చూపిస్తుంది. నిలబడి పాఠం చెబితే కండ పెరగదని వేరే చెప్పనక్కర్లేదు. వేడినీళ్ల స్నానం తర్వాత, వ్యాయామం తర్వాత కూడా అంకెలు ఇలాగే కదులుతాయి. కొంతైనా నిలకడ కావాలంటే ఒకటే పద్ధతి. పొద్దున లేచి, మూత్రవిసర్జన చేసి, ఏమీ తినక తాగక ముందు, పాదాలు పొడిగా తుడుచుకుని ఎక్కాలి. మాన్యువల్‌లో ఈ మాట ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంది. మొదటి పేజీలో ఉండాల్సింది.

ఇవన్నీ భరించవచ్చు. డైట్ మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఈ కాటా చెప్పేది మాత్రం నిజంగా హాని చేయగలదు.

తిండి తగ్గించగానే కండరాల్లోను, కాలేయంలోను దాచుకున్న గ్లైకోజన్, అంటే ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం, కరగడం మొదలవుతుంది. పెద్దవారి ఒంట్లో అది దాదాపు అరకిలో ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజన్ తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అందుకే పిండిపదార్థాలు బాగా తగ్గించిన మొదటి వారంలో కిలో, రెండు కిలోలు తేలిగ్గా పోతాయి. అందులో అధిక భాగం నీరు. నీరు పోతే అవరోధం పెరుగుతుంది. యాప్ వెంటనే ఎర్ర రంగులో "మీ కండరాలు తగ్గుతున్నాయి" అని హెచ్చరించింది. కండ నార ఒక్కటి కూడా పోని సమయంలో ఆ హెచ్చరిక చూసి ఎంతమంది భయపడి డైట్ మానేస్తారో! తిండి పెంచిన రోజు గ్లైకోజన్ తిరిగి నిండుతుంది, నీరు తిరిగి చేరుతుంది. అప్పుడు అదే యాప్ ఆకుపచ్చ రంగులో "కండ పెరిగింది" అని అభినందిస్తుంది. బలం కోసం వ్యాయామం చేసేవారు తీసుకునే క్రియాటిన్ అనే పోషక పదార్థం వాడేవారికి కూడా ఇదే అనుభవం ఎదురవుతుంది, అది కండరాల్లోకి నీటిని చేరుస్తుంది కనుక. నీటి కదలికను కండ కదలికగా చెప్పడం ఈ కాటాకున్న అతి పెద్ద లోపం. నెలకు ఒకటి రెండు కిలోలు మెల్లగా తగ్గేవారికి, నీటి వల్ల వచ్చే ఈ ఊపు తాము నిజంగా తగ్గించిన కొవ్వు కన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

యాప్‌లో 'సలహాలు' అని ఒక భాగం ఉంది. దాని మీద నాకు కోపం ఉంది, దాచుకోను. ఎత్తును బట్టి ఒక లక్ష్య బరువు పెట్టి, దాన్ని ఎన్ని వారాల్లో చేరాలో అడుగుతుంది. ఎంత తక్కువ వారాలు ఎంచుకున్నా అడ్డు చెప్పదు, కేలరీలు అంతకంతకూ కోసేస్తుంది. ప్రోటీన్ ఎంత తింటున్నారని ఒక్కసారి కూడా అడగదు. బరువులు ఎత్తుతున్నారా అని అడగదు. ఎన్ని గంటలు నిద్రపోతున్నారని అడగదు. కండను కాపాడేవి ఇవే. కండను కొలుస్తానని అమ్మే వస్తువు వీటిని వదిలేసింది.

వీటి గురించి తెలిసింది తక్కువేమీ కాదు. 2017లో ఊబకాయం ఉన్న, 65 ఏళ్లు, అంతకు పైబడిన 160 మందితో ఒక అధ్యయనం ప్రచురించారు. డైట్‌తో పాటు కొందరు నడక లాంటి ఏరోబిక్ వ్యాయామం చేశారు, కొందరు బరువులెత్తారు, కొందరు రెండూ చేశారు. ఆరు నెలల్లో ఈ మూడు గుంపులూ దాదాపు ఒకే మోతాదులో తగ్గాయి, ఉన్న బరువులో సుమారు 9 శాతం. కొవ్వు కాని కణజాలం మాత్రం ఏరోబిక్ గుంపులో 5 శాతం పోతే, బరువులెత్తినవారిలో 2 శాతమే పోయింది, రెండూ చేసినవారిలో 3 శాతం. కాటా మీద అందరూ ఒకేలా గెలిచారు, లోపల మాత్రం తేడా ఉంది. ఈ అధ్యయనం గురించి చదివినప్పుడు అమ్మే గుర్తొచ్చింది. ఆమెకు బరువులెత్తమని చెప్పినవారెవరూ లేరు.

ప్రోటీన్ మాటకొస్తే, 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో నలభై మంది యువకులకు నాలుగు వారాల పాటు అవసరానికన్నా నలభై శాతం తక్కువ శక్తి ఇచ్చి, కఠిన వ్యాయామం చేయించారు. ఒక గుంపు కిలో శరీర బరువుకు రోజుకు 2.4 గ్రాముల ప్రోటీన్ తింది, మరో గుంపు 1.2 గ్రాములు. ఎక్కువ తిన్నవారికి 4.8 కిలోల కొవ్వు పోయి 1.2 కిలోల కొవ్వు కాని బరువు పెరిగింది. తక్కువ తిన్నవారికి 3.5 కిలోల కొవ్వు పోయింది, ఉన్న కండ నిలిచింది. వాళ్లు కుర్రాళ్లు, పైగా అంత కఠిన శిక్షణలో ఉన్నారు. నాకు అదే ఫలితం వస్తుందని అనుకోను. నేను కిలోకు 1.6 గ్రాముల దగ్గర నిలబడ్డాను. బరువులెత్తేవారు అంతకు మించి తిన్నా కొవ్వు కాని బరువులో అదనపు పెరుగుదల పెద్దగా కనిపించలేదని 2018లో 49 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది. డైట్‌లో ఉన్నప్పుడు ఇంకాస్త ఎక్కువైనా మంచిదే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ప్రోటీన్ పెంచకూడదు.

వేగం గురించి కూడా యాప్ ఒక మాట చెప్పాల్సింది. 2011 నాటి ఒక అధ్యయనంలో క్రీడాకారులు రెండు గుంపులుగా, వారానికి ఒంటి బరువులో 0.7 శాతం చొప్పున కొందరు, 1.4 శాతం చొప్పున కొందరు తగ్గేలా డైట్ చేశారు. రెండు గుంపులవారూ బరువులెత్తారు. మెల్లగా తగ్గినవారిలో కొవ్వు కాని బరువు 2.1 శాతం పెరిగింది, వేగంగా తగ్గినవారిలో పెరగలేదు. నిద్ర సంగతి మరీ ఆశ్చర్యం. 2010లో పది మందిని రెండేసి వారాల చొప్పున ఒకసారి ఎనిమిదిన్నర గంటలు, మరోసారి ఐదున్నర గంటలు పడుకోనిచ్చి ఒకే డైట్ పెట్టారు. నిద్ర తగ్గినప్పుడు కొవ్వు 55 శాతం తక్కువగా పోయింది, కొవ్వు కాని బరువు 60 శాతం ఎక్కువగా పోయింది. పది మందితో చేసిన చిన్న ప్రయోగమే అయినా, పరీక్షా పత్రాలు దిద్దుతూ అర్ధరాత్రి దాకా కూర్చునే అలవాటును నేను మానుకోవడానికి అది సరిపోయింది.

మరి కండ నిలిచిందో లేదో దేనితో చూసుకుంటున్నాను? ముఖ్యంగా ఒక నోటు పుస్తకంతో. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, డంబెల్ ప్రెస్, రోయింగ్. ఏ బరువుతో ఎన్నిసార్లు చేశానో ప్రతిసారీ రాసుకుంటాను. నడుము సన్నబడుతూ, అదే బరువును అన్నిసార్లు ఎత్తగలుగుతుంటే కండ ఎక్కడికీ పోలేదన్నమాట. ఒక పూట నీరసంగా ఉంటే లెక్క కాదు. ఎత్తే బరువు వరుసగా కొన్ని వారాలు, అన్ని వ్యాయామాల్లోనూ పడిపోతుంటే అప్పుడు తిండి కాస్త పెంచుతాను, వేగం తగ్గిస్తాను. బరువులు కొత్తగా మొదలుపెట్టినవారికి ఈ కొలత మొదట్లో కాస్త ఆశ చూపుతుంది. కండ పెరగకపోయినా నరాల అలవాటు వల్లే బలం పెరుగుతుంది కనుక. అలాంటివారు టేపును కూడా తోడు తెచ్చుకోవాలి. బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత, తొడ మధ్య చుట్టుకొలత, వారానికొకసారి, ఒకే చోట. నడుము తగ్గుతూ తొడ దాదాపు నిలిచి ఉంటే అంతకన్నా మంచి కబురు లేదు. తొడ మీద కూడా కొవ్వు ఉంటుంది కనుక అది కొద్దిగా తగ్గడం సహజం. డైట్ సాగినంత కాలం బరువులు తగ్గించి ఎక్కువసార్లు ఎత్తమని చాలామంది చెబుతారు. నేను ఆ సలహా పాటించలేదు. అలసట ఎక్కువగా ఉన్న వారం సెట్ల సంఖ్య తగ్గిస్తాను గానీ బరువు తగ్గించను. కండను నిలబెట్టేది ఆ భారమే.

నా విషయంలో ఈ మూడు నెలల్లో నోటు పుస్తకం, టేపు ఒకే మాట చెబుతున్నాయి. నడుము స్పష్టంగా తగ్గింది, డెడ్‌లిఫ్ట్ కొద్దిగా పెరిగింది. కాటా చెప్పే 'కండరాల బరువు' ఒక కిలోకు పైగా తగ్గిందంటోంది. ఎవరిని నమ్మాలో నాకు సందేహం లేదు.

చేతులతో పట్టుకునే పిడి కూడా ఉండే ఎనిమిది ఎలక్ట్రోడ్ల కాటాలు ఇంతకన్నా మెరుగు, విద్యుత్తు చేతులు, మొండెం గుండా కూడా పోతుంది కనుక. అయినా మొండెం మందంగా, పొట్టిగా ఉంటుంది. ఒంటి బరువులో దాదాపు సగం అక్కడే ఉన్నా, మొత్తం అవరోధంలో దాని వాటా పదో వంతు దగ్గరే. డెక్సా స్కాన్ రెండు శక్తుల ఎక్స్ కిరణాలతో ఎముకను, కొవ్వును, మిగతాదాన్ని విడదీస్తుంది. ఇంటి కాటాలకన్నా ఎంతో నమ్మదగినది. కానీ అది చెప్పే 'మిగతాది' అన్నదాంట్లో కూడా నీరు, అవయవాలు కలిసే ఉంటాయి. డైట్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి, ఒకే రకమైన తిండి, నీరు తీసుకున్న రోజుల్లో చేయించుకోగలిగితే మంచిది.

కంపెనీ సేవా విభాగానికి రాశాను, సమీకరణం ఏమిటో, ఎవరి కొలతల మీద తయారు చేశారో చెప్పమని. మర్యాదగా జవాబిచ్చారు, చెప్పడం మాత్రం కుదరదన్నారు. ఏ వయసువారి మీద, ఎలాంటి శరీరాల మీద తయారైన లెక్కో తెలియకుండా దాని ఫలితాన్ని నాకు వర్తింపజేసుకోలేను. ఇందుకు ఒక నక్షత్రం తగ్గించాను, కండ హెచ్చరికలకు మరొకటి. ఐదుకు మూడు.

కొనాలా అంటే, వారపు సగటు చూపే మంచి బరువు కాటా కావాలనుకుంటే కొనండి. నెలకొకసారి, పొద్దున పరగడుపున చూసే కొవ్వు శాతాన్ని ఒక పక్క సాక్ష్యంగా ఉంచుకోండి. అంకె కాస్త కదిలితే మనసు కుంగిపోయేవారికి, ఇంకా ఎదిగే వయసు పిల్లలకు ఇది వద్దు. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణులు ఈ కాటాతో అవరోధం కొలుచుకోకూడదు. ఇంట్లో అలాంటివారుంటే, విద్యుత్తు పంపకుండా బరువు మాత్రమే తూచే అమరిక ఇందులో ఉంది. సెట్టింగుల్లో చివరి పేజీలో, 'అతిథి' అన్న శీర్షిక కింద వెతకండి. వారు ఎక్కేలోపే దాన్ని నొక్కి ఉంచండి.